కాటలీనా నీటివిమానం స్కేల్ మోడల్: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో మా ఇంటి ముందుగదిలో ఒక అద్దాల అల్మారా ఉంది. ఇంటికి వచ్చిన వాళ్లు ముందు దాని దగ్గర ఆగుతారు, తర్వాత కూర్చుంటారు, ఆ తర్వాత ప్రశ్నలు మొదలుపెడతారు. ఇన్నేళ్లలో నేను ప్లాస్టిక్ కిట్ల నుంచి చేసిన ఐదు కాటలీనా మోడళ్ల గురించి ఎక్కువగా అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

కాటలీనా అంటే ఏ విమానం?

అమెరికాలోని శాన్ డియేగోలో కన్సాలిడేటెడ్ సంస్థ తయారుచేసిన గస్తీ విమానం. తొలి నమూనా 1935 మార్చి 28న ఎగిరింది. అమెరికా నౌకాదళంలో దాని పేరు పీబీవై. కాటలీనా అన్న పేరు బ్రిటిష్ వాళ్లు పిలిచిన తర్వాతే స్థిరపడింది. రెండు ఇంజన్లు, ఒక్కొక్కటి 14 సిలిండర్ల ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్. రెక్క ఒక కొసనుంచి మరో కొసకు 31.7 మీటర్లు. వేగం పెద్దగా లేదు, అందం గురించి పోట్లాడుకోవచ్చు. కానీ ఒకసారి ఎగిరితే పొద్దు గుంకినా దిగేది కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి సింహళం (నేటి శ్రీలంక)లోని కొగ్గల సరస్సుకు ఇవి ఆగకుండా వచ్చేవి. ప్రయాణం 27 నుంచి 33 గంటలు పట్టేది కాబట్టి అందులో ఉన్నవాళ్లకు గాలిలోనే రెండు సూర్యోదయాలు కనిపించేవి.

దీన్ని సీప్లేన్ అనాలా, ఫ్లయింగ్ బోట్ అనాలా?

రెండూ అనవచ్చు. ఫ్లయింగ్ బోట్ సీప్లేన్లలో ఒక రకం. 2024 నవంబరులో విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ప్రయోగాత్మకంగా నడిపిన ట్విన్ ఆటర్‌ను గుర్తుచేసుకోండి. అది మామూలు విమానమే. కింద రెండు పెద్ద ఫ్లోట్లు తగిలించారు, అంతే. కాటలీనాకు దేహమే పడవ. అడుగున పడవకు ఉన్నట్టే కోణం, మధ్యలో ఒక మెట్టు ఉంటాయి. ఆ మెట్టు లేకపోతే నీరు అడుగును పట్టుకుని లేవనివ్వదు. రెక్కల చివర ఉన్న చిన్న ఫ్లోట్లు పక్కకు ఒరగకుండా ఆపడానికే. గాలిలోకి లేచాక అవి పైకి మడుచుకుని రెక్కల కొసలైపోతాయి.

మోడల్ చేసేవాడికి ఇక్కడే మొదటి నిర్ణయం ఎదురవుతుంది. నీటి మీద చూపిస్తే ఫ్లోట్లు దించాలి, ఎగురుతున్నట్టు చూపిస్తే ఎత్తాలి. ఫ్లోట్లు ఎత్తి నీటి మీద పెట్టిన మోడల్‌ను ఒక ప్రదర్శనలో చూశాను. రంగు చాలా బాగా వేశారు. అయినా చూసిన ప్రతివాడూ రంగు గురించి కాక ఫ్లోట్ల గురించే మాట్లాడాడు.

ఇన్ని యుద్ధవిమానాలు ఉండగా ఇదే ఎందుకు?

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజు మూటాముల్లె కట్టుకుని ఊరు వదిలిన కథ మా నాయనమ్మ చెబుతుంటే విని పెరిగాను. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో అప్పటి బాంబు ఒకటి ఇప్పటికీ ఉంది. పెద్దయ్యాక ఆ వారం గురించి చదువుతుంటే కాటలీనా తగిలింది.

ఏప్రిల్ 4న కెనడా వైమానిక దళం 413వ స్క్వాడ్రన్‌కు చెందిన లియొనార్డ్ బర్చాల్ కొగ్గల సరస్సు నుంచి ఒక కాటలీనాలో గస్తీకి బయలుదేరాడు. అతను సింహళానికి వచ్చి రెండు రోజులే అయింది. సాయంత్రం వేళ ద్వీపానికి దక్షిణాన సుమారు 560 కిలోమీటర్ల దూరంలో జపాన్ నౌకాదళం కనిపించింది. ఎన్ని ఓడలో లెక్కపెట్టడానికి దగ్గరికి వెళ్లాడు. వైర్‌లెస్‌లో కబురు పంపుతుండగానే జీరోలనే జపాన్ యుద్ధవిమానాలు చుట్టుముట్టి కూల్చాయి. తొమ్మిది మందిలో ఆరుగురు బతికి, బందీలుగా పట్టుబడ్డారు. కబురు మాత్రం అందింది. మర్నాడు దాడి జరిగేసరికి కొలంబో సిద్ధంగా ఉంది.

ఒక సవరణ. బర్చాల్ చూసిన ఓడలూ, విశాఖ మీదికి విమానాలు పంపిన ఓడలూ ఒకటే అని చాలామంది అనుకుంటారు. కాదు. మన తీరానికి వచ్చినవి ర్యుజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి వచ్చాయి. అది బంగాళాఖాతంలోకి విడిగా వచ్చిన దండు. రెండూ ఒకే దండయాత్రలోని భాగాలు. నేను చేసే కాటలీనాల్లో ఒకటైనా ఏప్రిల్ 4 నాటిది కావాలని అప్పుడే అనుకున్నాను. కింది జవాబుల్లో చాలావరకు ఆ ఒక్క విమానం నేర్పిన పాఠాలే.

ఇంతవరకు ఒక్క మోడల్ కూడా చేయలేదు. దీంతో మొదలుపెట్టవచ్చా?

వద్దు. ముందు ఒక ఇంజన్ ఉన్న చిన్న యుద్ధవిమానం కిట్ ఒకటి పూర్తి చేయండి. కాటలీనాలో కష్టమేమీ లేదు కానీ, అన్నీ ఎక్కువ. అద్దాలు ఎక్కువ, ఊతకడ్డీలు ఎక్కువ, సానపట్టాల్సిన అతుకులు ఎక్కువ. సగంలో డబ్బా మూసేసిన వాళ్లు నాకు తెలుసు.

ఏ స్కేలు కొనాలి?

ముందు ఇంట్లో చోటు కొలవండి. 1/72 స్కేలులో, అంటే అసలుకు డెబ్బై రెండో వంతులో, రెక్క 44 సెంటీమీటర్లు, 1/48లో 66. రెండోది అల్మారాలో పట్టదు, టీవీ మీద పెట్టలేరు, ఊడ్చేటప్పుడు చీపురు తగలని చోటు ఇంట్లో ఉండదు. 1/48లో మోనోగ్రామ్, రెవెల్ పేర్లతో వచ్చిన కిట్ చేసిచూశాను. చాలా తృప్తినిచ్చింది. ఇప్పుడది మా అటక మీద ఉంది. 1/72లో అకాడమీ కిట్ సులువుగా దొరుకుతుంది. నా ఓటు దానికే.

డబ్బా మీద పీబీవై-5 అనీ, 5ఏ అనీ ఉంటుంది. తేడా ఏమిటి?

5ఏకు చక్రాలుంటాయి, నేల మీద కూడా దిగగలదు. 5కు ఉండవు, అది పూర్తిగా నీటిదే. ఒడ్డుకు తేవాలంటే మనుషులు నీళ్లలోకి దిగి విడి చక్రాల బండి తగిలించి లాగాలి. బర్చాల్ నడిపింది చక్రాలు లేని రకం. కాబట్టి 5ఏ కిట్ కొని ఆ విమానం చేయాలనుకుంటే, దేహానికి రెండు వైపులా ఉన్న చక్రాల గూళ్లను, ముక్కు కింది తలుపులను ప్లాస్టిక్ రేకుతో మూసి, పుట్టీ పెట్టి, సానపట్టి, పోయిన గీతలు మళ్లీ చెక్కాలి. నేను ఒకసారి చేశాను. రెండు ఆదివారాలు పట్టింది. కొనేముందు డబ్బా పక్కన ఉన్న బొమ్మ చూడమని చెప్పేది అందుకే.

ఏ పనిముట్లు కావాలి?

మొనదేలిన కత్తి, స్ప్రూ (కిట్ ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి ముక్కలు తెంపే సన్నని కటింగ్ ప్లేయర్, పట్టకారు, ప్లాస్టిక్‌ను కరిగించి అతికే పలచని జిగురు, మాస్కింగ్ టేపు. సానపట్టడానికి కార్లకు రంగులు వేసే షెడ్లలో వాడే వాటర్ పేపర్ చాలు. 400, 800, 1500 నంబర్లు తెచ్చుకోండి. వడ్రంగి వాడే ఉప్పుకాగితం మాత్రం వద్దు, గీతలు పడతాయి. బట్టలకు పెట్టే క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, అగరుబత్తి పుల్లలు ఇంట్లోనే ఉంటాయి. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ లేకున్నా మొదలుపెట్టవచ్చు, కానీ 44 సెంటీమీటర్ల రెక్క మీద కుంచె జాడ లేకుండా రంగు వేయాలంటే చేయి తిరిగి ఉండాలి.

లోపలి భాగం ఎవరికి కనిపిస్తుంది? అక్కడ అంత శ్రమ ఎందుకు?

చాలా విమానాల విషయంలో మీ మాట నిజం. కాక్‌పిట్ మూసేశాక లోపల ఏముందో కట్టినవాడికే తెలుసు. కాటలీనాలో మాత్రం వెనకభాగాన రెండు పెద్ద బుడగ కిటికీలున్నాయి. దేహం అక్కడ కిటికీ పెట్టిన గదిలా తెరుచుకుంటుంది. చూసేవాళ్ల కన్ను నేరుగా అందులోకే వెళ్తుంది. కాబట్టి శ్రమంతా అక్కడ పెట్టండి. కాక్‌పిట్‌లో సీట్లు, బెల్టులు, స్టీరింగ్ చక్రాలు ఉంటే చాలు. మధ్య గదులను నేను వదిలేస్తాను.

బుడగల దగ్గర నేల పలకలు, తూటాల పెట్టెలు, తుపాకుల దిమ్మలు చేయాలి. అమెరికా విమానాల్లో ఇక్కడ 12.7 మిల్లీమీటర్ల బరువైన తుపాకులు ఉండేవి. బ్రిటిష్ వాటిలో సన్నని వికర్స్ తుపాకులు. కిట్‌లో వచ్చిన తుపాకీనే గుడ్డిగా పెడితే జెండా మారిపోయినట్టే. పక్కటెముకలకు అర మిల్లీమీటరు ప్లాస్టిక్ కడ్డీ వాడతాను. పాత మిక్సీ మోటారు విప్పితే దొరికే రాగితీగ గొట్టాలకు పనికొస్తుంది. యుద్ధకాలపు అమెరికా విమానాల లోపల తుప్పు పట్టకుండా జింక్ క్రోమేట్ పూత వేసేవారు, అది పసుపు కలిసిన ఆకుపచ్చ. ఆ రంగు మీద పలచని నల్లని ఆయిల్ రంగు పారించి, ఆరాక ఎత్తైన అంచుల మీద లేతరంగు పొడికుంచెతో రుద్దితే ఆ చిన్న గదికి లోతు వస్తుంది.

ముక్కులో బరువు వేయాలంటున్నారు. ఎంత? ఏది?

5ఏను చక్రాల మీద నిలబెట్టేటప్పుడే ఈ బెడద. బరువు వేయకపోతే తోక మీద కూర్చుంటుంది. కిట్ కాగితంలో ఎంతో రాసి ఉంటుంది, దానికన్నా కొంచెం ఎక్కువే వేయండి. నేను వలలకు కట్టే సీసపు గుండ్లు వాడతాను. ఫిషింగ్ హార్బర్ దగ్గర అంగళ్లలో దొరుకుతాయి.

సీసాన్ని తెల్లజిగురుతో మాత్రం అతికించకండి. ఆ జిగురులోని ఆమ్లం సీసంతో కలిసి ఏళ్ల తరబడి తెల్లని పొడిగా ఉబ్బుతుంది. నా మొదటి కాటలీనా ముక్కు మూడేళ్ల తర్వాత దానంతట అది పగిలింది. ఎవరో పడేశారని ఇంట్లో వాళ్లందరినీ అనుమానించాను. ఎపాక్సీ జిగురు వాడితే ఈ గొడవ ఉండదు. సీసం పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

రెక్క ఎప్పుడూ ఒక పక్కకు ఒరుగుతోంది. ఏం చేయాలి?

కాటలీనా రెక్క దేహానికి నేరుగా తగలదు. నడిమధ్య ఒక స్తంభం, రెండు పక్కలా రెండేసి ఊతకడ్డీలు, అంతే. స్తంభం అతుకు ఆరకముందే కడ్డీలు పెట్టేయడం అందరూ చేసే తప్పు. ఒక కడ్డీ అర మిల్లీమీటరు పొడుగైతే చాలు, రెక్క కొస అర సెంటీమీటరు లేస్తుంది.

నేను చేసే పద్ధతి ఇది. దేహాన్ని రెండు పుస్తకాల దొంతరల మధ్య నిటారుగా నిలబెడతాను. రెక్క కొసల కింద సమానమైన ఎత్తు ఉండేలా అగ్గిపెట్టెలు పేరుస్తాను. స్తంభానికి జిగురు పెట్టి ఆ రాత్రికి వదిలేస్తాను. పొద్దున కడ్డీలను ఒక్కొక్కటే పొడిగా పెట్టి చూసి, ఎక్కువున్నదాన్ని గీకి, అప్పుడు అతికిస్తాను. చివరగా మూడడుగుల దూరం నుంచి ఒక కన్ను మూసి తోకతో పోల్చి చూడండి. స్కేలు పట్టుకుని కొలవడం కన్నా అదే నమ్మకం.

బుడగ కిటికీలు మసకబారిపోయాయి. కారణమేమిటి?

సూపర్ గ్లూ వాడి ఉంటారు. దాని ఆవిరి అద్దం మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది. అద్దాలకు తెల్లజిగురే మేలు, ఎక్కువైనా తడిగుడ్డతో పోతుంది. గీతలు పడితే 2000 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి, తెల్లని టూత్‌పేస్టును మెత్తటి గుడ్డకు రాసి పది నిమిషాలు ఓపికగా రుద్దండి. ఆఖర్న మెరిసే అక్రిలిక్ వార్నిష్‌లో ఒకసారి ముంచి, గాజుగ్లాసు బోర్లించి దాని కింద ఆరబెడితే దుమ్ము పడదు.

చట్రాలకు టేపు అంటించేటప్పుడు గుండ్రటి చోట వెడల్పు టేపు ముడతలు పడుతుంది. టేపును ఒక మిల్లీమీటరు పీలికలుగా కోసి అంచుల వెంట తిప్పండి. మధ్యలో మిగిలినచోట వార్నిష్‌ను ఇబ్బంది పెట్టని మాస్కింగ్ ద్రవం నింపండి.

వర్షాకాలంలో రంగు పాలు పోసినట్టు తెల్లబారుతోంది.

మన తీరంలో ఇది మామూలే. లాకర్ అనే త్వరగా ఆరే రంగులోని థిన్నర్ వేగంగా ఆవిరైతే ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. ఎండ కాసిన మధ్యాహ్నం మెల్లగా ఆరే రిటార్డర్ కలిపిన థిన్నర్‌ను ఒక్క పలచని పూత కొడితే చాలాసార్లు తెలుపు పోతుంది. విశాఖలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నేను లాకర్ జోలికి పోను. ఆ రెండు నెలలూ లోపలి భాగాలు చేసుకుంటాను. థిన్నర్ పని ఎప్పుడైనా కిటికీలు తెరిచి, ముక్కుకు సరైన మాస్కు పెట్టుకునే చేయాలి. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు.

1942 ఏప్రిల్ నాటి విమానానికి ఏ రంగులు వేయాలి?

బ్రిటిష్ వైమానిక దళంలోని తీర విభాగం (కోస్టల్ కమాండ్) అప్పట్లో వాడిన పద్ధతి ప్రకారం పైభాగాన రెండు ఛాయలు అలలుగా కలుస్తాయి. ఒకటి మరీ ముదురు సముద్రపు బూడిద (ఎక్స్‌ట్రా డార్క్ సీ గ్రే). రెండోదాని పేరు ముదురు పలక బూడిద, కానీ పేరుకే బూడిద, కంటికి ఆకుపచ్చ. అడుగుభాగానికి స్కై అనే లేత రంగు, దానిలోనూ ఆకుపచ్చ జాడ ఉంటుంది. డబ్బాలో వచ్చే అమెరికా నీలిబూడిద రంగులు దీనికి పనికిరావు.

గుర్తుల దగ్గర తారీఖు ముఖ్యం. హిందూ మహాసముద్రం మీద తిరిగే బ్రిటిష్ విమానాల మీది గుండ్రటి గుర్తులోంచి ఎర్ర చుక్కను తర్వాత తీసేశారు. జపాన్ సూర్యబింబం అనుకుని సొంతవాళ్లే కాల్చేస్తారన్న భయం. ఏప్రిల్ 4 నాటికి ఆ మార్పు రాలేదు, కాబట్టి ఎర్ర చుక్క ఉండాల్సిందే. అమెరికా కాటలీనాలకైతే నీలి వృత్తంలో తెల్ల నక్షత్రం, దాని మధ్య ఎర్ర చుక్క. ఆ చుక్క 1942 మేలో పోయింది, పక్క పట్టీలు 1943లో వచ్చాయి. మీరు ఎంచుకున్న నెల ఏదో ముందు రాసుకుని, అప్పుడు డెకాల్ (గుర్తుల స్టిక్కరు) కత్తిరించండి.

ఉప్పునీటి మరకలు, రంగు పెచ్చులు సహజంగా ఎలా తేవాలి?

పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి ఒడ్డుకు చేరిన మరపడవ పక్కన కూర్చోండి. నీటిగీత చూడండి. అది ఒక గీత కాదు. అడుగున పచ్చని పాచి, దాని పైన వేలెడు వెడల్పున గోధుమరంగు మడ్డి, ఆ పైన ఎండిన ఉప్పు తెల్లగా, అంచు తిన్నగా కాక అలల ఎత్తునుబట్టి లేస్తూ పడుతూ ఉంటుంది. నీరు కారే రంధ్రాల కింద నిలువు చారలు. తాళ్లు రాసుకునే చోట రంగు పోయి కర్ర బయటపడి ఉంటుంది, మిగతాచోట రంగు చెక్కుచెదరదు. నేను నీటివిమానం మరకలు నేర్చుకున్నది ఫొటోల్లోంచి కాదు, అక్కడి పడవల్లోంచే.

ఇక చేసే పద్ధతి. ముందు దేహం మీద అల్యూమినియం రంగు వేసి, ఆరాక వార్నిష్ కొట్టాలి. నీటి మెట్టు చుట్టూ, ముక్కు కింద, లంగరు తాడు రాసుకునే చోట కుంచెతో నీళ్లు అద్ది, వంటింటి ఉప్పు చల్లండి. గళ్ల ఉప్పును కొద్దిగా దంచుకుంటే పలుకులు చిన్నా పెద్దా కలిసి వస్తాయి. ఎండాక దాని మీద అసలు రంగు వేయండి. రంగు ఆరిన తర్వాత వేలితో రుద్దితే ఉప్పు రాలి, కింద లోహం అక్కడక్కడ మెరుస్తుంది. ఉప్పు తిన్న విమానానికి ఉప్పుతోనే మరక పెట్టడం నాకు ఇప్పటికీ సరదాగా ఉంటుంది. నీటిగీతకు మాత్రం తెలుపు, గోధుమ, పాచి రంగు చాక్ పొడులు వేరువేరుగా, పడవ మీద చూసిన వరసలోనే అద్దండి.

రెక్క వెనక అంచు వైపు భాగం, తోక కదిలే భాగాలు గుడ్డ కప్పినవి. గుడ్డ మీద లోహపు పెచ్చులు లేపకండి, ఈ తప్పు ఎంత మంచి మోడల్‌నైనా పట్టిస్తుంది. ఇంజన్ల పొగచారలు రెక్క పైభాగాన వెనక్కి పోవాలి.

ఎంత మరక పెట్టాలన్నది విమానం కథనుబట్టి ఉంటుంది. బర్చాల్ స్క్వాడ్రన్ అంతకుముందు ఉన్నది స్కాట్లాండుకు ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో. అంటే చలి, అలలు, ఉప్పు బాగా తిన్నాయి, ఉష్ణమండలపు ఎండ తగిలి రోజులే. నేను మొదటిసారి పైరంగును సింహళపు ఎండకు వెలిసినట్టు వేసి, ఈ సంగతి చదివాక మళ్లీ వేశాను.

యాంటెన్నా తీగలకు ఏది వాడాలి?

అసలు తీగను 1/72కు తగ్గిస్తే తలవెంట్రుక కన్నా సన్నం. స్ప్రూ ముక్కను కొవ్వొత్తి సెగకు మెత్తబరిచి మెల్లగా లాగితే అంత సన్నటి దారం వస్తుంది. చేపల గాలం తీగ లావు, వద్దు. రాడార్ ఉన్న బ్రిటిష్ కాటలీనాలకు రెక్కల కింద నిచ్చెన మెట్లలాంటి ఏరియళ్లుంటాయి. వాటిని అన్నింటికన్నా చివర పెట్టండి. ముందే పెడితే మూడుసార్లు అతికించాల్సి వస్తుంది.

నీటి మీద తేలుతున్నట్టు ఎలా చూపించాలి?

దేహాన్ని నీటిగీత దగ్గర కోయడం ఒక దారి. నాకు చేయి రాదు. థర్మోకోల్ పలకలో దేహం ఆకారంలో గుంట తీసి, అందులో కూర్చోబెడతాను. పలక మీద టిష్యూ కాగితాన్ని తెల్లజిగురు నీళ్లతో పరిచి, తడిగా ఉన్నప్పుడే వేలితో చిన్న అలలు లేపి, ఆరాక రంగు, దానిపై మెరిసే వార్నిష్ నాలుగైదు పూతలు. పారదర్శక రెజిన్ పోసేవాళ్లు ఒకేసారి లోతుగా పోయకండి. గట్టిపడేటప్పుడు అది వేడెక్కి పలచని ప్లాస్టిక్‌ను వంచుతుంది. రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా పొరలుగా పోయాలి.

అల ఎత్తు మరచిపోకండి. 1/72 స్కేలులో ఒకటిన్నర సెంటీమీటరు అల అంటే నిజానికి మీటరు పైన. లంగరేసిన సరస్సులో అంత అల ఉండదు. కొగ్గల సరస్సు రంగు సముద్రపు నీలం కాదు, ఆకుపచ్చలో మట్టి కలిపినట్టు వేశాను.

అసలు కాటలీనాను ఎక్కడ చూడవచ్చు?

యుద్ధకాలంలో మద్రాసు పక్కన రెడ్‌హిల్స్ చెరువులో ఇవి లంగరు వేసి ఉండేవి. ఇప్పుడు అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. అమెరికాలో పెన్సకోలా నౌకాదళ విమాన మ్యూజియంలో పక్క కోసి లోపల చూపించే పీబీవై ఉంది. ఇంగ్లండులో కాస్‌ఫర్డ్ మ్యూజియంలో ఒకటి ఉంది కానీ అది 6ఏ రకం, తోక ఎత్తు ఎక్కువ, దాన్ని చూసి 5కు తోక చేయకండి. అక్కడ చుట్టాలుంటే ఊతకడ్డీల మొదళ్లను, బుడగల లోపలిని ఫొటోలు తీయమని అడగండి. నాకు మేనల్లుడు పంపిన నలభై ఫొటోల్లో ముప్పైఆరింటిలో అతనే ఉన్నాడు.

ఇక్కడే ఉన్నవాళ్లు ఆర్.కె. బీచ్‌లోని టీయూ-142 మ్యూజియానికి వెళ్లండి. అదీ సముద్రపు గస్తీ విమానమే. రివెట్ల వరసలు, పలకల అతుకుల దగ్గర మడ్డి చేరే తీరు అడుగు దూరం నుంచి చూడవచ్చు.

మీ కాటలీనాల్లో ఒకటి అమ్ముతారా?

అమ్మను. ముక్కు పగిలిందని చెప్పానే, ఆ మొదటిది ఉంది. ముక్కు మళ్లీ అతికించాను కానీ ఎడమ ఫ్లోటు ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. అది కావాలంటే ఊరికే తీసుకెళ్లండి, పెట్టె మాత్రం మీరే తెచ్చుకోండి.